రూటర్లలో లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేసు

లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేసు అనునది రూటరులో సాఫ్ట్‌వేరు ద్వారా మాత్రమే సృష్టించబడే ఒక ఇంటర్‌ఫేసు. దీనికి పోర్టు గానీ, కేబులు గానీ ఉండవు. రూటరు పనిచేస్తున్నంత కాలం, నిర్వాహకుడు స్వయంగా మూసివేస్తే తప్ప, ఇది ఎల్లప్పుడు పనిచేసే స్థితిలోనే ఉంటుంది. అందుచేత దీనికి ఇచ్చిన ఐపీ చిరునామా ఏ ఒక్క లింకుకూ కట్టుబడక మొత్తం రూటరుకే చిరునామా అవుతుంది. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ, ఎమ్‌పీఎల్ఎస్ వంటి సాంకేతికాలలో రూటరును గుర్తించడానికీ, దూరం నుండి రూటరును నిర్వహించడానికీ ఈ చిరునామానే వాడటం ఆచారం.

పేరు, అర్థభేదాలు

లూప్‌బ్యాక్ అనే పదానికి నెట్‌వర్కింగ్‌లో మూడు వేర్వేరు అర్థాలు ఉన్నాయి. విద్యార్థులు వీటిని ఒకదానితో ఒకటి కలిపివేయడం తరచుగా జరుగుతుంది.

* కంప్యూటరు లోపలి లూప్‌బ్యాక్: 127.0.0.1 చిరునామాకు పంపిన ప్యాకెట్ కంప్యూటరును దాటి బయటకు పోకుండా తిరిగి అదే కంప్యూటరుకు చేరుతుంది. ఇందుకోసం 127.0.0.0/8 శ్రేణి మొత్తం, అనగా 1,67,77,216 చిరునామాలు, కేటాయించబడినవి. ఈ చిరునామాలు కంప్యూటరు వెలుపల కనిపించరాదని 1989లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1122 నిర్దేశించింది. ఐపీవీ6లో ఇదే పనికి ::1 అనే ఒకే ఒక చిరునామా ఉన్నది.
* లైను పరీక్షలోని లూప్‌బ్యాక్: పంపిన సంకేతాన్ని వెనుకకు మళ్ళించి లైనులో లోపం ఎక్కడ ఉన్నదో కనుగొనే పద్ధతి. టెలిఫోను సంస్థలు లీజు లైన్లను ఈ విధంగా పరీక్షిస్తాయి.
* రూటరులోని లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేసు: ఈ వ్యాసంలోని విషయం ఇదే.

మొదటిదానికీ మూడవదానికీ ఉన్న ముఖ్యమైన తేడా చిరునామా పరిధి. 127.0.0.1 ప్రతి కంప్యూటరులోనూ ఉంటుంది, బయటివారికి పనికిరాదు. రూటరు లూప్‌బ్యాక్ చిరునామా నెట్‌వర్కు మొత్తంలో ఒక్క రూటరుకే చెందుతుంది, ఇతర రూటర్లన్నీ దానిని చేరుకోగలగాలి.

అవసరం

రూటరుకు ఎన్ని ఇంటర్‌ఫేసులు ఉంటే సాధారణంగా అన్ని ఐపీ చిరునామాలు ఉంటాయి. వీటిలో ప్రతి చిరునామా ఒక లింకు మీద ఆధారపడి ఉంటుంది. కేబులు తెగినా, అవతలి పరికరం ఆగిపోయినా ఆ ఇంటర్‌ఫేసు నిలిచిపోతుంది. అప్పుడు దాని సబ్‌నెట్ రూటింగ్ పట్టిక నుండి తొలగిపోతుంది, ఆ చిరునామాకు దారి లేకుండా పోతుంది.

ఉదాహరణకు క, గ, చ అనే మూడు రూటర్లు త్రిభుజాకారంలో కలుపబడి ఉన్నాయని అనుకొందాము.

* క–గ లింకు: 198.51.100.0/30 (క వైపు 198.51.100.1, గ వైపు 198.51.100.2)
* గ–చ లింకు: 198.51.100.4/30 (గ వైపు 198.51.100.5, చ వైపు 198.51.100.6)
* క–చ లింకు: 198.51.100.8/30 (క వైపు 198.51.100.9, చ వైపు 198.51.100.10)

నిర్వాహకుడు గ రూటరును 198.51.100.2 చిరునామాతో గుర్తుపెట్టుకొని, క రూటరుకూ గ రూటరుకూ మధ్య బీజీపీ సంబంధాన్ని కూడా ఆ చిరునామాతోనే ఏర్పాటు చేశాడనుకొందాము. క–గ లింకు తెగితే, చ మీదుగా మరొక దారి ఉన్నప్పటికీ, 198.51.100.2 అందుబాటులో ఉండదు. గ రూటరుకు ఏ లోపమూ లేదు, దానికి దారి కూడా ఉన్నది, కానీ దానిని పిలిచే పేరు మాత్రం తెగిన కేబులుతో పాటు పోయింది. బీజీపీ సంబంధం పడిపోతుంది. రూటరులోకి ప్రవేశించి పరిస్థితి చూడవలసిన సమయంలోనే నిర్వాహకునికి ఆ చిరునామా పనిచేయదు.

గ రూటరుకు 192.0.2.2 అనే లూప్‌బ్యాక్ చిరునామా ఇచ్చి, దానిని ఓఎస్‌పీఎఫ్ ద్వారా ప్రకటిస్తే పరిస్థితి మారుతుంది. క–గ లింకు తెగినపుడు ఓఎస్‌పీఎఫ్ 192.0.2.2కు చ మీదుగా కొత్త దారిని లెక్కిస్తుంది. బీజీపీ వేచియుండు కాలం ముగిసేలోగా, సిస్కో రూటర్లలో సాధారణంగా 180 సెకన్లలోగా, ఈ మార్పు జరిగితే సంబంధం తెగకుండా కొనసాగుతుంది.

చిరునామా ఎంపిక

లూప్‌బ్యాక్‌లో ఒకే ఒక చిరునామా ఉంటే చాలు గనుక ఐపీవీ4లో /32 మాస్కు (255.255.255.255), ఐపీవీ6లో /128 వాడతారు. దీనివలన చిరునామాలు వృథా కావు. సంస్థలు తమ చిరునామాలలో ఒక భాగాన్ని లూప్‌బ్యాక్‌ల కొరకే ప్రత్యేకించి, అందులో నుండి వరుసగా ఒక్కొక్క రూటరుకు ఒక్కొక్కటి ఇస్తాయి. అలా చేసినపుడు నిర్వహణ కొరకు అనుమతించే జాబితాలను ఒకే వరుసలో వ్రాయవచ్చు. చిట్టాలో ఒక చిరునామా కనిపించగానే అది ఏ రూటరుదో తెలుస్తుంది.

ఈ వ్యాసంలోని 192.0.2.0/24, 198.51.100.0/24 శ్రేణులు ఆర్‌ఎఫ్‌సీ 5737 (2010) ప్రకారం పుస్తకాలలో, పాఠాలలో ఉదాహరణల కొరకు కేటాయించబడినవి. నిజమైన నెట్‌వర్కులో వీటిని వాడరాదు.

ఏర్పాటు చేసే విధానం

ఆదేశాలను కీబోర్డుపై ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి. ఇక్కడ వాటి ఉచ్చారణ మాత్రమే ఇవ్వబడినది.

సిస్కో ఐఓఎస్

సిస్కో రూటరులో కాన్ఫిగరేషన్ స్థితిలోకి వెళ్ళి ఈ క్రింది ఆదేశాలు ఇవ్వాలి. ఇవి క రూటరుకు సంబంధించినవి.

ఇంటర్‌ఫేస్ లూప్‌బ్యాక్ 0
ఐపీ అడ్రెస్ 192.0.2.1 255.255.255.255

మొదటి ఆదేశం ఇవ్వగానే ఇంటర్‌ఫేసు సృష్టించబడి పనిచేయడం ప్రారంభిస్తుంది. భౌతిక ఇంటర్‌ఫేసులను తెరవడానికి ఇచ్చే "నో షట్‌డౌన్" ఆదేశం దీనికి అవసరం లేదు. ఒకే రూటరులో లూప్‌బ్యాక్ 0, లూప్‌బ్యాక్ 1 అంటూ అనేక ఇంటర్‌ఫేసులను సృష్టించవచ్చు. నెట్‌వర్కింగ్ నేర్చుకొనే విద్యార్థులు ఈ సౌలభ్యాన్ని ఉపయోగించుకొని, ఒక్క రూటరు వెనుక అనేక నెట్‌వర్కులు ఉన్నట్లు అనుకరించి రూటింగ్ అభ్యాసాలు చేస్తారు.

ఇంటర్‌ఫేసును సృష్టించినంత మాత్రాన ఇతర రూటర్లకు దాని సంగతి తెలియదు. దానిని రూటింగ్ ప్రోటోకాల్‌లో చేర్చాలి:

రూటర్ ఓఎస్‌పీఎఫ్ 1
రూటర్-ఐడీ 192.0.2.1
ప్యాసివ్-ఇంటర్‌ఫేస్ లూప్‌బ్యాక్ 0
నెట్‌వర్క్ 192.0.2.1 0.0.0.0 ఏరియా 0
నెట్‌వర్క్ 198.51.100.0 0.0.0.15 ఏరియా 0

చివరి ఆదేశం పైన చెప్పిన మూడు లింకుల చిరునామాలకూ వర్తిస్తుంది. గ, చ రూటర్లలో కూడా వాటి వాటి లూప్‌బ్యాక్ చిరునామాలతో (192.0.2.2, 192.0.2.3) ఇదే విధంగా చేయాలి.

జునిపర్ జునోస్

జునోస్‌లో ఎల్‌ఓ0 అనే ఒకే లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేసు ఉంటుంది. దానిలో యూనిట్లు అనే ఉపవిభాగాలు చేస్తారు. ఒక్కొక్క రూటింగ్ ఇన్‌స్టెన్స్‌కు ఒక్కొక్క యూనిట్‌ను కేటాయించవచ్చు.

సెట్ ఇంటర్‌ఫేసెస్ ఎల్‌ఓ0 యూనిట్ 0 ఫ్యామిలీ ఐనెట్ అడ్రెస్ 192.0.2.1/32
సెట్ రూటింగ్-ఆప్షన్స్ రూటర్-ఐడీ 192.0.2.1
సెట్ ప్రోటోకాల్స్ ఓఎస్‌పీఎఫ్ ఏరియా 0.0.0.0 ఇంటర్‌ఫేస్ ఎల్‌ఓ0.0 ప్యాసివ్

ఈ మార్పులు "కమిట్" ఆదేశం ఇచ్చిన తరువాతనే అమలులోకి వస్తాయి.

లినక్స్

లినక్స్ కంప్యూటరును రూటరుగా వాడేటప్పుడు, 127.0.0.1 ఉండే ఎల్‌ఓ ఇంటర్‌ఫేసుకే అదనంగా /32 చిరునామాను చేర్చవచ్చు, లేదా డమ్మీ అనే రకపు ఇంటర్‌ఫేసును సృష్టించి దానికి ఇవ్వవచ్చు. ఆ చిరునామాను ఇతర రూటర్లకు ప్రకటించే పనిని ఎఫ్‌ఆర్‌రూటింగ్, బర్డ్ వంటి సాఫ్ట్‌వేర్లు చేస్తాయి.

రూటింగ్ ప్రోటోకాల్‌లలో పాత్ర

ఓఎస్‌పీఎఫ్

ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి రూటరుకూ 32 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దీనిని రూటర్ ఐడీ అంటారు. సిస్కో రూటరు దీనిని ఈ క్రింది క్రమంలో ఎంచుకొంటుంది.

# నిర్వాహకుడు రూటర్-ఐడీ ఆదేశంతో ఇచ్చిన సంఖ్య
# అది లేకపోతే, లూప్‌బ్యాక్ చిరునామాలలో అన్నిటికంటె పెద్దది
# అదీ లేకపోతే, పనిచేస్తున్న భౌతిక ఇంటర్‌ఫేసుల చిరునామాలలో అన్నిటికంటె పెద్దది

ఒకసారి ఎంచుకొన్న సంఖ్య ఓఎస్‌పీఎఫ్ మరల ప్రారంభమయ్యే వరకు మారదు. అందుచేత ఎంపికను రూటరుకే వదలివేస్తే దాని ప్రభావం వెంటనే కనిపించదు. కొంత కాలం తరువాత రూటరును ఆపి ప్రారంభించినపుడు, ఈలోగా చేర్చిన కొత్త ఇంటర్‌ఫేసు వలన గుర్తింపు సంఖ్య మారిపోవచ్చు. లూప్‌బ్యాక్ చిరునామానే రూటర్ ఐడీగా ఆదేశంతో స్థిరపరచడం ఇందువలననే మేలని భావిస్తారు.

ఓఎస్‌పీఎఫ్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 2328 (1998) లూప్‌బ్యాక్ చిరునామాను /32గా ప్రకటించవలెనని చెబుతుంది. సిస్కో రూటర్లలో లూప్‌బ్యాక్‌కు /24 మాస్కు ఇచ్చినప్పటికీ ఇతర రూటర్ల పట్టికలలో అది /32గానే కనిపిస్తుంది. ప్రయోగశాలలో దీనిని చూసి విద్యార్థులు పొరపాటని అనుకొంటారు గాని ఇది ప్రమాణానుసారమే. మాస్కు ఉన్నది ఉన్నట్లుగా ప్రకటించవలసి వస్తే ఆ ఇంటర్‌ఫేసు క్రింద "ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ పాయింట్-టు-పాయింట్" ఆదేశం ఇవ్వాలి.

ఐఎస్-ఐఎస్

ఐఎస్-ఐఎస్ ప్రోటోకాల్‌లో రూటరు గుర్తింపు ఐపీ చిరునామా రూపంలో ఉండదు. అయినప్పటికీ లూప్‌బ్యాక్ చిరునామా నుండే దానిని తయారు చేయడం వాడుకలో ఉన్నది. 192.0.2.1లోని ప్రతి భాగాన్ని మూడంకెలు చేస్తే 192.000.002.001 అవుతుంది. ఆ పన్నెండు అంకెలను నాలుగేసి చొప్పున విడదీస్తే 1920.0000.2001 వస్తుంది. గుర్తింపును చూడగానే రూటరు చిరునామా తెలియడం ఇందులోని సౌకర్యం.

బీజీపీ

బీజీపీ సంబంధం టీసీపీ 179వ పోర్టు మీద నడుస్తుంది. ఒకే స్వతంత్ర వ్యవస్థలోని రూటర్ల మధ్య ఉండే అంతర్గత బీజీపీలో రెండు రూటర్లు నేరుగా కలుపబడి ఉండనవసరం లేదు. కనుక లూప్‌బ్యాక్ నుండి లూప్‌బ్యాక్‌కు సంబంధం ఏర్పరచడం సర్వసాధారణం. క రూటరులో:

రూటర్ బీజీపీ 64500
నైబర్ 192.0.2.2 రిమోట్-ఏఎస్ 64500
నైబర్ 192.0.2.2 అప్‌డేట్-సోర్స్ లూప్‌బ్యాక్ 0

గ రూటరులో 192.0.2.1 చిరునామాతో ఇవే ఆదేశాలు ఇవ్వాలి. ఇందులో మూడవ ఆదేశం కీలకమైనది. రూటరు తాను పంపే ప్యాకెట్లపై, అవి బయటకు వెళ్ళే ఇంటర్‌ఫేసు చిరునామానే పంపినవారి చిరునామాగా వేస్తుంది. 198.51.100.1 నుండి వచ్చిన అభ్యర్థనను గ రూటరు తిరస్కరిస్తుంది, ఎందుకంటే దాని జాబితాలో పొరుగు రూటరుగా ఉన్నది 192.0.2.1. అప్‌డేట్-సోర్స్ ఆదేశం పంపినవారి చిరునామాను లూప్‌బ్యాక్‌గా మారుస్తుంది.

ఈ ఆదేశాన్ని రెండు వైపులా మరచిపోతే సంబంధం ఏర్పడదు. ఒక వైపు మాత్రమే ఇస్తే, ఆ వైపు నుండి ప్రారంభించిన ప్రయత్నం ఫలించి సంబంధం ఏర్పడవచ్చు. అంతా సరిగా ఉన్నదని నిర్వాహకుడు భావిస్తాడు. కానీ రెండవ వైపు నుండి చేసే ప్రయత్నాలు ఎన్నటికీ ఫలించవు. కనుక సంబంధం పనిచేస్తున్నా సరే, ఆదేశం రెండు వైపులా ఉన్నదో లేదో చూసుకోవడం అవసరం.

రెండు వేర్వేరు సంస్థల మధ్య ఉండే బాహ్య బీజీపీలో సాధారణంగా భౌతిక చిరునామాలనే వాడతారు. అక్కడ లింకు తెగితే సంబంధం కూడా వెంటనే తెగిపోవడమే కోరదగినది. అయితే రెండు రూటర్ల మధ్య సమాంతరంగా రెండు మూడు లింకులు ఉన్నపుడు, రద్దీని వాటి మధ్య పంచడానికి బాహ్య బీజీపీలోనూ లూప్‌బ్యాక్‌లను వాడతారు. అప్పుడు పొరుగు రూటరు లూప్‌బ్యాక్‌కు స్టాటిక్ దారులు ఇవ్వాలి. పొరుగు చిరునామా నేరుగా కలిసిన సబ్‌నెట్‌లో ఉన్నదా అని సిస్కో రూటరు పరిశీలిస్తుంది గనుక "ఈబీజీపీ-మల్టీహాప్ 2" లేదా "డిజేబుల్-కనెక్టెడ్-చెక్" ఆదేశాన్ని కూడా జోడించాలి.

ఎమ్‌పీఎల్ఎస్

ఎమ్‌పీఎల్ఎస్ నెట్‌వర్కులలో లూప్‌బ్యాక్ మాస్కు చిన్న విషయం కాదు. లేబుళ్ళను పంచిపెట్టే ఎల్‌డీపీ ప్రోటోకాల్ (ఆర్‌ఎఫ్‌సీ 5036, 2007), పొరుగు రూటరు లేబుల్ ఇచ్చిన ప్రిఫిక్సు తన రూటింగ్ పట్టికలో ఉన్నదానితో అక్షరాలా సరిపోతేనే ఆ లేబుల్‌ను వాడుతుంది.

గ రూటరు లూప్‌బ్యాక్‌కు పొరపాటున /24 మాస్కు ఇచ్చారనుకొందాము. గ రూటరు 192.0.2.0/24కు లేబుల్ ఇస్తుంది. కానీ ఓఎస్‌పీఎఫ్ మాత్రం 192.0.2.2/32ను ప్రకటిస్తుంది. ఈ రెండూ సరిపోకపోవడం వలన పొరుగు రూటరులో /32కు లేబుల్ దొరకదు. అక్కడ ప్యాకెట్‌పై ఉన్న లేబుళ్ళన్నీ తొలగిపోతాయి, వీపీఎన్ వినియోగదారుల రద్దీ ఆగిపోతుంది. అయినా లూప్‌బ్యాక్‌కు పింగ్ మామూలుగానే పనిచేస్తుంది. ఎందుకంటే సాధారణ ఐపీ ప్యాకెట్‌కు లేబుల్ అవసరం లేదు. ఒక్క మాస్కు వలన కలిగే ఈ లోపాన్ని పింగ్‌ను మాత్రమే నమ్మినవారు కనుగొనలేరు.

ఇదే కారణం చేత ఎమ్‌పీఎల్ఎస్ నెట్‌వర్కులో లూప్‌బ్యాక్ చిరునామాలను ఏరియా సరిహద్దుల వద్ద కుదించి ప్రకటించడం ప్రమాదకరం. దీనికి పరిష్కారంగా ఆర్‌ఎఫ్‌సీ 5283 (2008) ఎల్‌డీపీకి ఒక విస్తరణను నిర్వచించింది.

నిర్వహణ, భద్రత

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా రూటరులోకి ప్రవేశించడానికి లూప్‌బ్యాక్ చిరునామాను వాడతారు. రూటరు తాను పంపే చిట్టా సందేశాలు, ఎస్‌ఎన్‌ఎమ్‌పీ, ఎన్‌టీపీ, టాకాక్స్ ప్యాకెట్లను కూడా లూప్‌బ్యాక్ చిరునామాతోనే పంపేటట్లు ఏర్పాటు చేయవచ్చు. అలా చేయకపోతే దారి మారినపుడల్లా ఒకే రూటరు సందేశాలు వేర్వేరు చిరునామాలతో చేరుతాయి. టాకాక్స్ సర్వరు తన జాబితాలో లేని చిరునామా నుండి వచ్చిన అభ్యర్థనను తిరస్కరించవచ్చు, నిర్వాహకునికి ప్రవేశమే దొరకకపోవచ్చు.

జునోస్‌లో ఎల్‌ఓ0 ఇంటర్‌ఫేసుకు భద్రతాపరంగా ప్రత్యేక స్థానం ఉన్నది. దానికి వర్తింపజేసిన ఇన్‌పుట్ ఫిల్టరు, ఏ ఇంటర్‌ఫేసు గుండా వచ్చినా సరే, రూటింగ్ ఇంజనుకు ఉద్దేశించిన రద్దీనంతటినీ పరిశీలిస్తుంది. ఫిల్టరు చివర, వ్రాయకపోయినా, మిగిలిన ప్యాకెట్లన్నిటినీ పారవేసే నియమం ఉంటుంది. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ, ఎస్‌ఎస్‌హెచ్‌లలో దేనిని అనుమతించడం మరచిపోయినా అది ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌ను మరచినవారు రూటరు వెలుపలే ఉండిపోతారు. కనుక ఇటువంటి మార్పులకు "కమిట్ కన్ఫర్మ్‌డ్" ఆదేశం వాడటం మంచిది. 10 నిమిషాలలోగా మరల ధ్రువీకరించకపోతే రూటరు తనంత తానే పాత స్థితికి వెళ్ళిపోతుంది. సిస్కో రూటర్లలో ఈ రక్షణ కొరకు కంట్రోల్ ప్లేన్ పోలీసింగ్ అనే వేరొక పద్ధతి ఉన్నది.

ఎనీకాస్ట్

కొన్ని సందర్భాలలో ఉద్దేశపూర్వకంగానే ఒకే లూప్‌బ్యాక్ చిరునామాను అనేక పరికరాలకు ఇస్తారు. దీనిని ఎనీకాస్ట్ అంటారు. ప్యాకెట్ వాటిలో రూటింగ్ ప్రకారం దగ్గరలో ఉన్నదానికి చేరుతుంది, ఒకటి ఆగిపోతే మరొకదానికి వెళుతుంది. మల్టీకాస్ట్‌లోని రాండెవూ పాయింట్ల కొరకు ఈ విధానాన్ని ఆర్‌ఎఫ్‌సీ 3446 (2003) వివరించింది.

ఎనీకాస్ట్ చిరునామాను రెండవ లూప్‌బ్యాక్‌కు ఇచ్చి, మొదటిదానిని రూటరు గుర్తింపుకు మాత్రమే ఉంచాలి. రూటర్ ఐడీని ఆదేశంతో స్థిరపరచకపోతే, పెద్ద చిరునామాను ఎంచుకొనే నియమం వలన అన్ని రూటర్లూ ఎనీకాస్ట్ చిరునామానే తమ గుర్తింపుగా తీసుకొనే అవకాశం ఉన్నది. ఒకే గుర్తింపు గల రెండు రూటర్లు ఓఎస్‌పీఎఫ్‌లో పరస్పరం పొరుగు సంబంధం ఏర్పరచుకోలేవు.

సరిచూచుట

ఏర్పాటు పూర్తయిన తరువాత సిస్కో రూటరులో ఈ క్రింది పరీక్షలు చేయవచ్చు.

* "షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్" ఆదేశంతో ఇంటర్‌ఫేసు స్థితి, చిరునామా చూడాలి.
* "షో ఐపీ రూట్ 192.0.2.2" ఆదేశాన్ని ఇతర రూటర్లలో ఇచ్చి, /32 దారి ఉన్నదో లేదో చూడాలి.
* "పింగ్ 192.0.2.2 సోర్స్ లూప్‌బ్యాక్ 0" ఆదేశం ఇవ్వాలి. సోర్స్ పేర్కొనని పింగ్ అవతలి లూప్‌బ్యాక్‌కు దారి ఉన్నదని మాత్రమే తెలుపుతుంది. సోర్స్ పేర్కొన్న పింగ్ తన లూప్‌బ్యాక్‌కు తిరుగు దారి కూడా ఉన్నదని నిర్ధారిస్తుంది.
* వీలైన సమయం చూసి ఒక లింకును ఆపి, బీజీపీ సంబంధం నిలిచి ఉన్నదో లేదో పరిశీలించాలి. లూప్‌బ్యాక్ ఏ ప్రయోజనం కొరకు ఏర్పాటు చేయబడినదో అది నెరవేరుతున్నదని తెలుసుకొనడానికి ఇదే అసలైన పరీక్ష.

పరిమితులు

లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేసు పనిచేస్తున్నదంటే రూటరు అందుబాటులో ఉన్నదని అర్థం కాదు. రూటరుకు ఉన్న లింకులన్నీ తెగిపోయినా లూప్‌బ్యాక్ పనిచేస్తున్నట్లే చూపుతుంది. అది చిరునామాను నిలబెడుతుంది గాని దారిని సృష్టించలేదు. కనీసం రెండు భౌతిక మార్గాలు లేని రూటరుకు లింకు తెగినపుడు లూప్‌బ్యాక్ వలన ప్రయోజనం ఉండదు.

నెట్‌వర్కు మొత్తం స్తంభించినపుడు కూడా ఇదే పరిస్థితి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ వెన్నెముక నెట్‌వర్కులోని లింకులు నిర్వహణ సమయంలో ఇచ్చిన ఒక ఆదేశం వలన అన్నీ తెగిపోయాయి. దాని డీఎన్ఎస్ సర్వర్లు తమ బీజీపీ ప్రకటనలను ఉపసంహరించుకొన్నాయి. సంస్థ సేవలు ఆరు గంటలకు పైగా నిలిచిపోయాయి. దూరం నుండి పరికరాలను చేరే మార్గాలు మూసుకుపోవడంతో ఇంజనీర్లు డేటా కేంద్రాలకు స్వయంగా వెళ్ళవలసి వచ్చింది. దారులే లేనప్పుడు ఏ చిరునామా అయినా నిరుపయోగమే. అందుచేత పెద్ద నెట్‌వర్కులలో లూప్‌బ్యాక్‌తో పాటు, ప్రధాన నెట్‌వర్కుపై ఆధారపడని ప్రత్యేక నిర్వహణ నెట్‌వర్కును, కన్సోల్ పోర్టు ద్వారా ప్రవేశాన్ని కూడా ఏర్పాటు చేస్తారు.

ఇవి కూడా చూడండి

* రూటరు
* ఐపీ చిరునామా
* సబ్‌నెట్ మాస్కు
* బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్
* ఓపెన్ షార్టెస్ట్ పాత్ ఫస్ట్
* మల్టీప్రోటోకాల్ లేబుల్ స్విచింగ్